మన కొండల్లో పడేది ఏ మంచు?

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో మాట్లాడిన మాటలు)



ఏటా ఈ సభలో మాకిచ్చే అంశం ఒకటే. చదువు, హాస్టల్, పిల్లల హాజరు. చెప్పిందే చెప్తే మీకూ విసుగు, మాకూ విసుగు. అందుకే ఈసారి మా పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి పట్టుకొచ్చాం. మొన్న చలికాలంలో మా ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఫోన్లో ఒక వీడియో చూశారు. ఆ ఫోన్ ఎవరిదని అడక్కండి, మాకు తెలుసు. "లంబసింగిలో స్నో ఫాల్" అని పెద్ద అక్షరాలు, వెనకాల సినిమా పాట, తెల్లటి కొండలు, దేవదారు చెట్లు. మన దగ్గర కాఫీ తోటల్లో ఉండేది సిల్వర్ ఓక్ అని ఆ వీడియో చేసినవాడికి తెలియదు కాబోలు. పిల్లలు మా దగ్గరకొచ్చి, "మేడమ్, మేం పుట్టిన దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నాం కదా, ఒక్కసారి కూడా చూడలేదేంటి? మేం పడుకున్నాక పడి, లేచేసరికి కరిగిపోతుందా?" అని అడిగారు.

నవ్వొచ్చే ప్రశ్నే గానీ మేం నవ్వలేదు. ఎక్కడో ఉన్నవాడు ఫోన్లో చెప్పిన మాటకీ తన కళ్లకీ మధ్య తేడా వస్తే, ఆ పిల్ల తన కళ్లనే అనుమానించింది. మాకు అది పట్టుకుంది.

ముందు జవాబు చెప్పేస్తాం. లంబసింగిలో స్నో పడదు. చింతపల్లిలో పడదు, పాడేరులో, అరకులో పడదు. ఆదిలాబాద్ కొండల్లోనూ పడదు. అలాగని ఉష్ణమండలంలో ఎక్కడా పడదని చెప్తే అదీ తప్పే. భూమధ్యరేఖ పక్కనే స్నో పడే కొండలున్నాయి. అక్కడా మనలాంటి కొండజనమే ఉన్నారు. వాళ్ల సంగతి తర్వాత చెప్తాం. ముందు మన సంగతి.

అసలు చిక్కంతా మన తెలుగు మాటలో ఉంది. తెల్లారి వరిగడ్డి మీద ఉండే నీటిచుక్కలు మంచే. ఘాట్ రోడ్డులో బస్సు పగలే లైట్లు వేసుకుని నడిచేదీ మంచులోనే. జనవరిలో గడ్డి కొసల మీద ఉప్పు చల్లినట్టు కనిపించేదీ మంచే. కశ్మీరులో కురిసేదీ మంచే. ఇంగ్లీషు వాళ్లు వీటికి డ్యూ, ఫాగ్, ఫ్రాస్ట్, స్నో అని వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. మనం అన్నిటినీ ఒకే బుట్టలో వేశాం. విశాఖపట్నం నుంచి కారులో వచ్చినాయన "ఇక్కడ మంచు పడుతుందా?" అని అడుగుతాడు. టీ కొట్టు తమ్ముడు "పడుతుందండి, బాగా పడుతుంది" అంటాడు. ఆయన అడిగింది ఒకటి, ఈయన చెప్పింది ఇంకొకటి. అబద్ధం ఎవరూ ఆడలేదు. వీడియో మాత్రం అబద్ధంగా తయారైంది.

చెరువులవేనం మీదికెక్కితే, వంజంగి మీదికెక్కితే కింద తెల్లటి సముద్రంలా కనిపిస్తుంది కదా, అది లోయలో నిలిచిన మబ్బు. చాలా సన్నటి నీటి తుంపర, గాలిలో వేలాడుతూ ఉంటుంది. చెయ్యి పెడితే తడుస్తుందే గానీ పిడికిట్లోకి రాదు. స్నో అలా కాదు. అది మబ్బులోనే గడ్డకట్టి, రేకులు రేకులుగా నేలకి దిగుతుంది.

ఇక గడ్డి మీద తెల్లగా పేరుకునేది ఉంది చూశారూ, గడ్డకట్టిన మంచు, అది పైనుంచి పడేది కాదు. ఉన్నచోటే పుట్టేది. చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. దాన్ని ఆపడానికి మబ్బు దుప్పటి ఉండదు. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లటి గాలి బరువు. అది వాలు మీద నీళ్లలా జారి పల్లంలో చేరుతుంది. అందుకే చాలా రాత్రులు కొండ మీదికంటే లోపలి పల్లంలో చలి ఎక్కువ. పశువులు కాసినవాళ్లకి ఇది ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు, రాత్రి మంద ఎక్కడ కట్టాలో మన తాతలకి తెలుసు. అలా చల్లబడిన గడ్డిపోచ సున్నాకి దిగితే గాలిలోని తేమ దాని మీదే గడ్డకడుతుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. వాతావరణం కొలిచేవాళ్లు థర్మామీటరుని తెల్లరంగు చెక్కపెట్టెలో, నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తులో పెడతారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం లెక్కలు పేపర్లో వస్తుంటాయి, చూసే ఉంటారు. అక్కడ మూడో నాలుగో డిగ్రీలు చూపించిన రోజున నేల మీది గడ్డి సున్నాకి దిగి ఉండొచ్చు. అందుకే పేపర్లో మూడు డిగ్రీలని ఉన్నా పొలంలో తెల్లగా కనిపిస్తుంది. రెండూ నిజమే.

మరి ఇంత చలి ఉన్నప్పుడు స్నో ఎందుకు పడదు? మీరే చెప్పండి, మబ్బు పట్టిన రాత్రి చలి పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుంది. డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మబ్బులొస్తే మా పిల్లలు రెండో దుప్పటి పక్కన పడేస్తారు. మన చలికి తేటైన ఆకాశం కావాలి. స్నోకి మబ్బు కావాలి. మన కొండల్లో ఈ రెండూ ఒకేసారి కలవవు. మన చలి నేలని అంటిపెట్టుకుని ఉండే చలి, కొద్ది మీటర్లు పైకెళ్తే గాలి వెచ్చగానే ఉంటుంది. స్నో పడాలంటే మబ్బు దగ్గర్నుంచి నేలదాకా గాలంతా చల్లగా ఉండాలి.

ఆ చల్లటి గాలి మనకి ఎంత ఎత్తులో ఉంది? లెక్క చేద్దాం. పదో తరగతి పిల్లలూ, నోటితోనే చెయ్యండి. కిలోమీటరు పైకెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ తీరంలో 29 డిగ్రీలు ఉందనుకుందాం. సున్నా రావాలంటే నాలుగున్నర కిలోమీటర్లు ఎక్కాలి. లంబసింగి ఎత్తు సుమారు ఒక కిలోమీటరు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన కొండలు మన జిల్లాలోనే ఉన్నాయి, అవీ 1,700 మీటర్లు దాటవు. మొత్తం దక్షిణ భారతంలో పెద్దది కేరళలోని ఆనముడి, 2,695 మీటర్లు. అక్కడ, ఊటీలో కూడా గడ్డకట్టిన మంచే గానీ స్నో లేదు. మన దేశంలో స్నో పడే హిమాలయాలు భోపాల్, రాంచీ దగ్గరగా పోయే కర్కటరేఖకి ఉత్తరాన ఉన్నాయి. అంటే అవి ఉష్ణమండలానికి బయట.

అయితే ఒక మాట చెప్తే నమ్మరు. స్నో మన నెత్తి మీదే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక లేచే పెద్ద ఉరుముల మబ్బు పది కిలోమీటర్లు దాటి పెరుగుతుంది. దాని పైభాగమంతా మంచు స్ఫటికాలే. అవి దిగుతూ దిగుతూ దారిలో కరిగిపోయి మనకి వానగా చేరతాయి. కరగడానికి తీరిక లేనంత పెద్దవి వడగళ్లుగా పడతాయి. తెలంగాణలో దాన్నే రాళ్ల వాన అంటారు. మా హాస్టల్ పిల్లలు గిన్నెలు పట్టుకుని పరిగెత్తేది దానికే. వడగళ్లు పడి పొలం తెల్లబడ్డప్పుడు తీసిన వీడియోలే తర్వాత స్నో ఫాల్ పేరుతో తిరుగుతుంటాయి. మామిడి పూత, టమాటా పోయిన రైతుకి తెలుసు అదేంటో.

కాబట్టి ఉష్ణమండలంలో స్నోకి కావలసింది ఎత్తు. మెక్సికోలో ఒరిజాబా అనే కొండ ఉంది. అది 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన లంబసింగి 18కి కాస్త కింద. అంటే అక్కడా ఇక్కడా ఎండ దాదాపు ఒకటే. కానీ దాని ఎత్తు 5,636 మీటర్లు, అందుకే నెత్తి మీద మంచు ఉంది. హవాయి దీవుల్లో మౌనా కియా 4,207 మీటర్లు, చలికాలంలో తెల్లబడుతుంది. అక్కడి ఆదివాసీలు ఆ మంచుకి పోలియాహు అని ఒక దేవతనే చెప్తారు. చుట్టూ సముద్రం, కింద కొబ్బరిచెట్లు, పైన మంచుదేవత.

ఇప్పుడు ఆఫ్రికా కథ. మీరంతా ముఖ్యంగా ఇది వినాలి. టాంజానియాలో కిలిమంజారో ఉంది. భూమధ్యరేఖకి మూడు డిగ్రీల దక్షిణాన, 5,895 మీటర్ల ఎత్తున. దాని వాలు మీద చాగా అనే జనం ఉంటారు. కొండ మీదినుంచి వచ్చే వాగుల నీళ్లని కాలవలు తవ్వి పొలాలకి మళ్లించి అరటి పండించుకున్నారు. ఇప్పుడు మనలాగే కాఫీ కూడా వేస్తున్నారు. 1848 మే నెలలో యోహానెస్ రెబ్మాన్ అనే జర్మన్ మిషనరీ అటు వెళ్తూ దూరాన కొండ నెత్తి మీద తెల్లగా ఉండడం చూశాడు. అదేంటని తన వెంట ఉన్న దారి చూపేవాణ్ని అడిగాడు. ఆ మనిషి తన మాటలో చెప్పింది ఒకటే, అది చలి అని. రెబ్మాన్ చలిదేశం నుంచి వచ్చినవాడు, చూడగానే అది స్నో అని గుర్తుపట్టి రాశాడు.

లండన్లో భూగోళం పండితులు నమ్మలేదు. కూలీ అనే పెద్ద పండితుడు ఉండేవాడు. ఆఫ్రికా మీద పుస్తకాలు రాసినవాడే గానీ ఆ కొండ ముఖం చూసినవాడు కాదు. భూమధ్యరేఖ పక్కన మంచేంటి, రెబ్మాన్ కళ్లు మోసపోయాయని ఏళ్ల తరబడి వాదించాడు. 1862లో ఫాన్ డెర్ డెకెన్ అనే ఆయన పైకెక్కుతుంటే స్నో ఆయన మీదే పడింది. ఆ తర్వాత గానీ వాదన చల్లారలేదు. చాగా వాళ్లని ఎవరైనా ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే అంత గొడవ అక్కర్లేకపోయేది. వాళ్లలో పైకి వెళ్లి చేతులూ కాళ్లూ చలికి పాడై తిరిగొచ్చినవాళ్ల ముచ్చట రెబ్మాన్‌కే అక్కడి జనం చెప్పారు.

న్యూగినీ దీవిలోనూ ఇదే కథ. 1623లో యాన్ కార్స్టెన్స్ అనే డచ్ నావికుడు సముద్రం మీదినుంచి అక్కడి కొండల నెత్తిన మంచు చూశానంటే ఇంటి దగ్గర ఎగతాళి చేశారు. ఆ శిఖరం 4,884 మీటర్లు. ఇవాళ దాన్ని పుంచక్ జాయా అంటారు, ఇండోనేషియాలో ఉంది. దాని చుట్టూ ఉండే అముంగ్మే ఆదివాసీలకి ఆ కొండ పవిత్రం. పక్కనే ప్రపంచంలోని పెద్ద బంగారు, రాగి గనుల్లో ఒకటైన గ్రాస్‌బర్గ్ గని తవ్వారు. ఆ సంగతి ఎత్తుకుంటే ఈ పూట చాలదు. బాక్సైట్ పేరు వినని ఇల్లు మన మన్యంలో లేదు కాబట్టి మీకు వివరించక్కర్లేదు కూడా.

ఉగాండా, కాంగో సరిహద్దులో రువెంజోరి కొండలున్నాయి, అక్కడి శిఖరం 5,109 మీటర్లు. అక్కడి బకొంజో జనం మంచుని న్జురురు అంటారు, అది వాళ్ల దేవుళ్ల వంశంలో పెద్దాయన పేరు కూడా. గమనించారా? బయటివాళ్లు స్నో ఉందా లేదా అని కొట్టుకుంటుంటే, కింద ఊళ్లలో దానికి పేరుంది, పూజ ఉంది, కథ ఉంది.

మనకి లేదా మరి? ఉంది. లంబసింగికి మనవాళ్లు పెట్టుకున్న పేరు కొర్రబొయలు. కొర్ర అంటే కర్ర, బొయలు అంటే బయలు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని పెద్దలు అర్థం చెప్తారు. ఆ పేరులో స్నో లేదు చూడండి. చలి ఉంది. కిలిమంజారో దగ్గర ఆ దారి చూపేవాడు చెప్పిన మాట లాంటిదే ఇది, శరీరం మీదికొచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన మాట. ఇప్పుడు రోడ్డు పక్కన బోర్డుల మీద ఆ పేరు కనిపించదు, ఆంధ్రా కశ్మీర్ అని ఉంటుంది. కశ్మీరు వాళ్లు ఎవరూ తమ ఊరిని కశ్మీరు లంబసింగి అనుకోరు కదా!

ఆ పెద్ద కొండల మీద మంచు కూడా ఇప్పుడు నిలవడం లేదు. కిలిమంజారో మీద 1912లో ఉన్న మంచులో 2007 నాటికి 85 శాతం పోయింది. పుంచక్ జాయా మీద మిగిలింది చాలా కొంచెం. వెనిజులాలో ఆఖరి హిమానీనదం 2024లో లెక్కలోంచి తీసేసేంత చిన్నదైపోయింది. పెరూలో కుస్కో దగ్గర ఏటా మే, జూన్ నెలల్లో కోయ్యుర్ రితి అని పెద్ద జాతర జరుగుతుంది. ఎలుగుబంటి వేషాలు వేసిన యువకులు, అంటే మీ వయసు వాళ్లే, రాత్రి మంచు మీదికెక్కి గడ్డలు నరికి వీపు మీద మోసుకొచ్చేవారు. ఆ నీళ్లు ఊళ్లో జబ్బులకి మందు. మంచు కళ్ల ముందే వెనక్కి జరిగిపోతుంటే 2000 తర్వాత వాళ్లు తమంతట తామే గడ్డలు నరకడం ఆపేశారు. జాతర ఆగలేదు. కొండెక్కుతున్నారు, గడ్డ మాత్రం తేవడం లేదు.

ఇంత దూరం తిప్పి మళ్లీ మన ఘాట్ రోడ్డుకి ఎందుకు వస్తున్నామంటే, మీలో చాలామంది చలికాలంలో టెంట్లు వేస్తున్నారు, జీపులు నడుపుతున్నారు, గైడ్లుగా వెళ్తున్నారు. మంచిదే. మన కొండ మీద నాలుగు రూపాయలు మనవాళ్లే సంపాదించాలి. కానీ స్నో అని చెప్పి తెచ్చిన మనిషి తెల్లారి తెల్లముఖం వేసుకుని వెళ్తాడు. మోసం చేశారంటాడు, బోర్డు రాసినవాణ్ని కాదు, మిమ్మల్ని. ఉన్నది చెప్పండి. ఆరు గంటలకి పొలంలో గడ్డకట్టిన మంచు చూపిస్తాం, ఎండ తగిలితే పోతుంది, త్వరగా లేవండి అని చెప్పండి. అది ఎలా పుట్టిందో చెప్పండి, పల్లంలో చలి ఎందుకు ఎక్కువో చెప్పండి. నవంబరులో వలిసె పూలు పూసిన పొలంలోకి తొక్కుకుంటూ దిగొద్దని కూడా చెప్పండి. కశ్మీరు కాకపోయినా చూడ్డానికి చాలానే ఉంది.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాం. టెంటు లోపల బొగ్గుల కుంపటి పెట్టనివ్వకండి. పర్యాటకులు అడుగుతారు, డబ్బులు ఎక్కువిస్తామంటారు. మూసిన చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మన ఇళ్లలో నెగడు చుట్టూ పడుకునేవాళ్లం కదా అనకండి. ఆ ఇళ్లకి చూరు కింద గాలి ఆడేది, ఈ ప్లాస్టిక్ గుడ్డకి ఆడదు. రేకుల గదులు కట్టి తలుపులు బిగించుకుంటున్న ఇళ్లకీ ఇదే మాట.

మీరు సెల్ఫీ తీసిపెట్టే ఆ ఆరు గంటల వేళకే మా హాస్టల్లో పిల్లలు లేస్తారు. ఈ చలి వాళ్లకి చూసే వింత కాదు. వచ్చిన దుప్పట్లు పలచన. ఇద్దరేసి కలిసి పడుకుని రెండూ కలిపి కప్పుకుంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున స్నానాలు ఆపి, ఎండెక్కాక పెట్టించాం. క్రమశిక్షణ పోతుందని కొందరన్నారు, దగ్గులు మాత్రం తగ్గాయి. ఊళ్లో పాత ఉన్ని బట్టలు, స్వెటర్లు ఉంటే ఉతికి ఇవ్వండి. ఫొటో తీసుకోవడానికి కాదు, సంచి వంటమనిషికి ఇచ్చి వెళ్లినా చాలు.

మా పిల్లల ప్రశ్నకి మేం నోటితో చెప్పిన జవాబు చాలదని, రెండు థర్మామీటర్లు కొని ఇచ్చాం. ఒకటి ఛాతీ ఎత్తులో చెక్కపెట్టెలో ఉంది. ఇంకొకటి గడ్డి మీద. పొద్దున్నే ఇద్దరు అమ్మాయిలు టార్చి వేసుకుని వెళ్లి రెండూ చూసి రాస్తారు, ఆకాశం తేటా మబ్బా అని కూడా రాస్తారు. తేట రాత్రుల్లో గడ్డి మీది లెక్క ఎప్పుడూ తక్కువే, మబ్బు రాత్రుల్లో రెండూ దాదాపు ఒకటే. ఇది మేం చెప్పకముందే తొమ్మిదో తరగతి అమ్మాయి కనిపెట్టింది.

ఆ పుస్తకంలో చివరి గడి ఒకటి ఉంది. నీటిమంచుకి, పొగమంచుకి, గడ్డకట్టిన మంచుకి, వడగళ్లకి మీ ఇంటి భాషలో ఏమంటారు అని. కువిలో, ఆదివాసీ ఒడియాలో, కోయలో, గోండిలో. తెలుగు ఒకే మాటతో సరిపెట్టుకుంది, మన అవ్వలు అలా సరిపెట్టుకున్నారో లేదో చూద్దామని. కొన్ని నిండాయి, చాలా ఖాళీగా ఉన్నాయి. మీతో వచ్చిన అవ్వల్ని, తాతల్ని ఒకసారి అటు తీసుకురండి. కాఫీ గింజల స్టాల్ పక్క బల్ల మీద సాయంత్రం దాకా ఆ పుస్తకం ఉంటుంది. పెన్ను దారంతో కట్టి ఉంది, పట్టుకుపోకండి.